రెండు చవితుల ఏడాది మా సెలవుల బోర్డు

నేను చదివింది అయిదో తరగతి. ఆ మాట ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే నేను పదిహేడేళ్ళు పనిచేసింది షేర్ల ఆఫీసులో. అది వినగానే జనం నన్ను ఎగాదిగా చూస్తారు. నేను అక్కడ షేర్లు కొనలేదు, అమ్మలేదు. ఊడ్చాను, నీళ్ళు పట్టాను, టీ పెట్టాను, చీటీలు వరసగా సర్దాను, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టాను. వీటితో పాటు ఎవరూ అప్పగించని పని ఒకటి నెత్తిన వేసుకున్నాను. సెలవుల బోర్డు రాయడం. ఇప్పుడు చెప్పబోయేది దాని సంగతే.

మోకాళ్ళు మెట్లు ఎక్కనివ్వక పని మానేసి ఇంటి పట్టున ఉంటున్నాను. మా మనవరాలు ఫోనులోనే షేర్లు కొంటుంది, ఫోనులోనే అమ్ముతుంది. ఈమధ్య ఒకరోజు కాఫీ తాగుతూ, “అమ్మమ్మా, ఇవాళ అమ్మేశాను. రేపు డబ్బు పడుతుంది, ఎల్లుండి స్కూటీ తెచ్చుకుంటా” అంది.

“రేపు సెలవు కదే” అన్నాను.

చూసుకుంది. సెలవే. “ఫోను చెప్పలేదు అమ్మమ్మా” అంది. ఫోను చెప్పింది. ఇది చూడలేదు. దీని వయసువాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

మా ఆఫీసు చిలకలూరిపేటలో, ఎరువుల కొట్టు మీది మేడ. కింద మందుల వాసన, పైన మా టీ వాసన. అంతకుముందు నేను జిన్నింగు మిల్లులో పత్తిలోని చెత్త ఏరేదాన్ని. దూది నలుసులకు దగ్గు పట్టుకుని వదలకపోతే ఇక్కడ ఊడ్చే పనికి కుదిరాను. ఆఫీసులో ఉండేది ఇద్దరమే. నేను, ఇన్‌ఛార్జి గారు. ఆయనది వేటపాలెం వైపు. సొంతూరు వెళ్ళినప్పుడల్లా జీడిపప్పు బద్దలు ఒక పొట్లం తెచ్చి నాకిచ్చేవారు. మెత్తని మనిషి. కాకపోతే పొద్దున తొమ్మిదింటికి కంప్యూటరు ముందు కూర్చుంటే మధ్యాహ్నం మూడున్నరకు మార్కెట్ మూసేదాకా తల ఎత్తరు. పెరుగన్నం కూడా తెర వైపు చూస్తూనే తినేవారు. గోడ మీద ఏముందో ఆయనకు తెలియదు.

గోడ మీద ఉన్నది నా బోర్డు. ఏటా డిసెంబరులో హెడ్డాఫీసు నుంచి మరుసటి ఏటి సెలవుల కాగితం వచ్చేది. అది ఇంగ్లీషులో ఉండేది. మా దగ్గరికి వచ్చేది పత్తి రైతులు, మిర్చి రైతులు, మిల్లు గుమాస్తాలు, పంతుళ్ళు. సగం మందికి ఆ కాగితం పనికిరాదు. అందుకని నేను నెల పేరు, తేదీ, వారం, పండగ, అన్నీ పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో నల్లబోర్డు మీద రాసేదాన్ని. ఇంగ్లీషు నెలల పేర్లు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంకెలు బాగా వచ్చు. అంతకుమించి అక్కర్లేదు. సుద్దముక్క చేతికి అందనంత చిన్నదైతే పెన్ను మూతలో దోపి రాసేదాన్ని. ఒక్క డబ్బా సుద్దముక్కలు నాకు అయిదేళ్ళు వచ్చాయి.

సెలవు ఎందుకు తెలియాలంటే, ఆ రోజు అమ్మలేం, కొనలేం అని మాత్రమే కాదు. అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. ఇవాళ అమ్మితే డబ్బు ఇవాళ రాదు. మర్నాటి పనిదినానికి వస్తుంది. ఆ మర్నాడు సెలవైతే దాని మర్నాడు. శనాదివారాలు ఎలాగూ లెక్కలోకి రావు. ఇంకొన్ని రోజులుంటాయి. మార్కెట్ తెరిచే ఉంటుంది, బ్యాంకులు మూసి ఉంటాయి. ఆ రోజు అమ్మవచ్చు, డబ్బు మాత్రం కదలదు. కాబట్టి డబ్బు ఏ రోజుకు కావాలో అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. ముందుకు లెక్కపెట్టేవాళ్ళే ఇబ్బంది పడతారు. నేను చూసినంతలో అందరూ ముందుకే లెక్కపెడతారు.

రెండో చిక్కు, అవి బొంబాయి సెలవులు. మన భోగికి వాళ్ళకు సెలవు లేదు. మే నెల మొదటి తేదీన వాళ్ళ రాష్ట్రం పండగని మార్కెట్ మూస్తారు. మనవాళ్ళకు అది ఏం పండగో తెలియదు. నెలవంకను చూసి చేసుకునే పండగలైతే సెలవు ఒకరోజు అటో ఇటో జరుగుతుంది, కాగితం మళ్ళీ వస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. పదేళ్ళు బోర్డు రాసేసరికి నాకు తెలియనిది లేదన్న భ్రమ కూడా వచ్చింది. రైతులు ఇన్‌ఛార్జి గారి దాకా వెళ్ళకుండా నన్నే అడిగి దిగిపోయేవారు. “అమ్మని అడిగితే చాలు” అనేవారు. ఆ మాట వినడం నాకు ఇష్టంగా ఉండేది.

ఆ ఏడాది వినాయక చవితి రెండు రోజుల మీదికి వచ్చింది. తిథి సోమవారం పొద్దెక్కాక మొదలై మంగళవారం కొంతసేపు ఉంది. పంతుళ్ళు టీవీల్లో కూర్చుని సోమవారమని కొందరు, మంగళవారమని కొందరు వాదించుకున్నారు. మా వంటింటి క్యాలెండరులో సోమవారం ఉంది. మా వీధి గుడి అయ్యగారు సోమవారమే అన్నారు. గవర్నమెంటు సెలవు కూడా సోమవారమే ఇచ్చారు. ఇక అనుమానం ఏముంది?

పండగకు వారం ముందు బోర్డు తుడుస్తూ చూస్తే చవితి పక్కన మంగళవారం అని ఉంది. నేను రాసిందే. డిసెంబరులో హెడ్డాఫీసు కాగితం చూసి ఆలోచించకుండా ఎక్కించాను. అది చూసి నాకు కోపం వచ్చింది. ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళకు మన పండగ ఏనాడో ఏం తెలుసు అనుకున్నాను. తడిగుడ్డతో మంగళవారం తుడిచేసి సోమవారం అని రాశాను, తేదీ కూడా మార్చాను. ఇన్‌ఛార్జి గారిని అడగాలని తోచలేదు. పండగ ఏనాడో మగాళ్ళని అడిగేదేమిటి?

బొంబాయి వాళ్ళు వాళ్ళ పంచాంగం ప్రకారం మంగళవారం చేసుకుంటున్నారనీ, మార్కెట్ మూసేది వాళ్ళ చవితికి గాని మన చవితికి కాదనీ నాకు తట్టలేదు. పదేళ్ళుగా జనానికి నేనే చెబుతున్న మాట అది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఒకామె వచ్చింది. మాకు తెలిసిన మనిషే. పేటకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో పల్లె. వాళ్ళాయన స్పిన్నింగు మిల్లులో ఫిట్టరు. ఓవర్‌టైము డబ్బులు వచ్చినప్పుడల్లా మా దగ్గర ఒకే కంపెనీ షేర్లు నాలుగో అయిదో కొనుక్కుంటూ పోయాడు. మూడేళ్ళ కిందట గుండె ఆగి చనిపోయాడు. షేర్లు ఈమె పేరు మీదికి మారాయి. ఈమె వాటిని ముట్టుకోలేదు. ఎకరన్నర కౌలుకు తీసుకుని మిరప వేసుకుంటోంది.

మెట్ల దగ్గర చెప్పులు విడిచి, పైకొచ్చి వరండాలో నిలబడింది.

“అక్కా, సారు ఖాళీగా ఉన్నాడా?”

“రెండు ఫోన్లూ రెండు చెవులకీ ఉన్నాయి. ఏం పని?”

“మా ఆయన షేర్లు అమ్మేద్దామని. నేను చేసే చేను అమ్మకానికి పెట్టారక్కా. పదకొండేళ్ళ బట్టీ దున్నుతున్నా. నేనే కొంటానని అడ్వాన్సిచ్చా. వచ్చే గురువారం రిజిస్ట్రేషను. ఆ రోజు దాటిందా, అడ్వాన్సూ పోద్ది, చేనూ పోద్ది. రోడ్డు పక్క చేనుగా, ప్లాట్లేసేటాయన కాసుకొని కూర్చున్నాడు.”

“అయితే లోపలికి పోయి సంతకం పెట్టు.”

ఆమె కదలలేదు. “ఇవాళ శుక్రవారం. బస్సెక్కాక గుర్తొచ్చింది. ఆయన రెక్కల కష్టం అది. శుక్రవారం పూట లక్ష్మిని పొమ్మని నా నోటితో ఎట్టా చెప్పేది?”

ఆ మాటకు నేను అడ్డం చెప్పవలసింది. చెప్పలేదు. మా ఇంట్లో కూడా శుక్రవారం చేబదులు ఇవ్వం, పాలవాడికి డబ్బులు కూడా శనివారమే. ఈ ప్రాంతంలో చాలామంది అంతే. శుక్రవారం మా ఆఫీసులో కొనేవాళ్ళు ఉంటారు గాని అమ్మేవాళ్ళు తక్కువ. ఆమెను లోపలికి పంపితే ఇన్‌ఛార్జి గారు ఇవాళే అమ్మమంటారని నాకు తెలుసు. అందుకే పంపలేదు.

“ఆగు” అని బోర్డు దగ్గరికి తీసుకెళ్ళాను. “ఇదుగో. సోమవారం చవితి, మార్కెట్ ఉండదు. మంగళవారం పొద్దున్నే వచ్చి అమ్ముకో. బుధవారం సాయంత్రానికి నీ ఖాతాలో పడుద్ది. గురువారం బ్యాంకుకి పోయి, అక్కణ్ణించి రిజిస్ట్రారాఫీసుకి పో. సరిపోయిందిగా?”

“మంగళవారమా? అదీ మంచిది కాదుగా అక్కా.”

“వినాయకుడు ఇంట్లో ఉండగా మంగళవారానికి దోషం లేదు” అన్నాను.

ఆ మాట నేను ఎక్కడా విన్నది కాదు. అప్పటికప్పుడు పుట్టించాను. ఆమె తేలికపడ్డ మొహంతో, “నీ మాటే మాట. మంగళవారం వస్తా” అని దిగిపోయింది. సాయంత్రం ఆఫీసు మూసేటప్పుడు, “సోమవారం నేను రాను సార్, పండగ” అన్నాను. ఆయన తెర వైపు చూస్తూనే సరే అన్నారు. నేను సెలవు అడిగాననుకున్నారు. అసలు ఆఫీసే ఉండదని నేను అనుకున్నాను.

సోమవారం పదకొండు దాటింది. పత్రి సర్ది, ఉండ్రాళ్ళు దించి, పీట మీద బియ్యం పోస్తున్నాను. ఫోను మోగింది. ఇన్‌ఛార్జి గారు.

“అమ్మా, పండగపూట ఏమీ అనుకోకండి. కరెంటు పోయింది. ఇన్‌వర్టరు స్విచ్చి ఎక్కడుంది?”

“బీరువా వెనక. పండగనాడు ఆఫీసు ఎందుకు తీశారండీ?”

“మార్కెట్ ఉందిగా అమ్మా. సెలవు రేపు.”

“రేపెందుకు సెలవు?”

“చవితికి. బొంబాయిలో రేపు చవితి. లిస్టులో మంగళవారమే ఉందిగా, మీరే బోర్డు మీద రాశారు కదా.”

ఆయన ఎప్పుడో జనవరిలో చూసి ఉంటారు. వెనక్కి లెక్కపెట్టాను. గురువారం రిజిస్ట్రేషను. బుధవారం డబ్బు పడాలి. మధ్యలో మంగళవారం సెలవు. అంటే ఇవాళ అమ్మాలి. ఇవాళ దాటితే మళ్ళీ బుధవారమే. అప్పుడు డబ్బు పడేది గురువారం సాయంత్రం. అప్పటికి బ్యాంకూ, రిజిస్ట్రారాఫీసూ రెండూ మూసేస్తారు.

విషయం చెప్పాను. బోర్డు మార్చిన సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె మంగళవారం వస్తానంది, తెలియక అంది అన్నాను.

“ఆమె ఖాతాలో అమ్మకం మీరే నొక్కెయ్యండి సార్. సంతకం రేపు పెట్టిస్తాను. పూచీ నాది.”

“కుదరదమ్మా. ఆమెది పాత పద్ధతి ఖాతా. నా కళ్ళ ముందు అమ్మకం చీటీ మీద సంతకం పెట్టాలి. రేపు ఆమె నేను అమ్మమనలేదు అంటే?”

“ఆమె అట్టాంటి మనిషి కాదు.”

“ఆ మాట ఇదివరకు ఒకాయన గురించి కూడా మీరే అన్నారు. తీరా చూస్తే ఆయన సంతకం కొడుకు పెట్టాడు.”

నిజమే, అన్నాను. ఆ గొడవ తేలడానికి ఎనిమిది నెలలు పట్టింది. “మూడున్నర లోపు ఆమెను తీసుకురండి. చీటీ రాసి పెట్టి ఉంచుతా” అన్నారాయన.

ఆమెకు ఫోను చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తలేదు. ఆరుసార్లు చేశాను. పీట మీద బియ్యం అలాగే వదిలేసి, పూజ కోడలికి అప్పజెప్పి రోడ్డు మీదికి వచ్చాను. పండగని బస్సులు పలచగా ఉన్నాయి. గంటన్నర నిలబడ్డాను. నేను ఆటోలో ఒక్కదాన్నే ఎక్కిన మనిషిని కాదు, నలుగురితో పాటు కూర్చుని నా వంతు ఇచ్చే మనిషిని. ఒంటిగంట దాటాక ఇక లాభం లేదని ఆటోవాణ్ణి పిలిచాను.

“రానూ పోనూ ఎంత?”

అతను చెప్పాడు. నేను సగం అన్నాను.

“పండగపూట ఎవరొస్తారు మామ్మా? అయినా అంత తొందరేంది, ఎవురికన్నా బాగాలేదా?”

“బాగానే ఉన్నారు. నీ రేటుకే పోనీ.”

ఇంకా బేరం చేస్తాననుకున్నాడేమో, నా మొహం వంక ఒకసారి చూసి బండి తిప్పాడు.

ఊళ్ళో ఆమె ఇంటికి తాళం లేదు, మనిషీ లేదు. ఫోను గోడకు చార్జింగు పెట్టి ఉంది, దాని మీద నా ఆరు కాల్సూ ఉన్నాయి. పక్కింటామె ఉండ్రాళ్ళు తింటూ, “చేలో ఉంటది. ఇవాళ కూలోళ్ళు రారుగా, ఒక్కతే చచ్చిన మొక్కల చోట నారు పెట్టుకుంటంది. ఆ చేనంటే దానికి పిచ్చి” అంది.

ఆటో పోయినంత దూరం పోయి, మిగతా దూరం నడిచాను. రెండు కావస్తోంది. ఆమె వంగి నారు పెడుతోంది. నన్ను చూసి నడుం ఎత్తింది. బురద చేతులు దూరంగా పట్టుకుని నవ్వింది.

“ఏందక్కా, పండగపూట నా చేను చూడ్డానికొచ్చావా?”

“రా, పేట పోవాలి. ఇవాళే అమ్మాలి. రేపు మార్కెట్ లేదు.”

“రేపు ఉందన్నావుగా.”

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది. “బొంబాయి వాళ్ళు మార్చారమ్మాయ్. సెలవు రేపటికి జరిపారు.”

అబద్ధం. అంత దూరం వెళ్ళిందాన్ని, ఆటోకు అడిగినంత ఒప్పుకున్నదాన్ని, ఆ ఒక్క మాట దగ్గర అబద్ధం ఆడాను. అప్పటికి నాకు అరవై అయిదేళ్ళు. తప్పు నాది అని పిల్లల దగ్గర గాని, మొగుడి దగ్గర గాని అన్న గుర్తు లేదు.

ఆమె ఆలోచించింది. ఆమె తెలివితక్కువ మనిషి కాదు.

“ఇయ్యాల మార్చినోళ్ళు రేపు మళ్ళీ మార్చరా? నువ్వు శుక్రవారం చెప్పినప్పుడు బోర్డు మీద రాసుంది. నేను చూశా. రాసింది రాసినట్టు ఉండాలిగా. ఇయ్యాల పండగ, దీపం పెట్టి వచ్చా, ఇయ్యాల అమ్మను. రేపు పొద్దున్నే వస్తా. తీసుంటే అమ్ముతా, మూసుంటే ఎల్లుండి అమ్ముతా.”

“ఎల్లుండి అమ్మితే డబ్బు గురువారం సాయంత్రం గాని రాదే!”

“వాళ్ళు అదీ మారుస్తారేమోలే” అని మళ్ళీ వంగింది.

నేను గట్టిగా అరిచాను. మూర్ఖురాలివన్నాను, చేను పోగొట్టుకుంటావన్నాను. ఆఫీసులో నేను అరిస్తే పెద్ద పెద్ద రైతులు కూడా సర్దుకుని కూర్చునేవాళ్ళు. ఆమె లెక్కచెయ్యలేదు. ఒక మొక్క పెట్టింది, వేళ్ళతో చుట్టూ మట్టి అదిమింది. రెండో మొక్క తీసింది. ఇరవై నిమిషాలు పోయాయి. గట్టు అవతల ఆటోవాడు హారను కొడుతున్నాడు.

ఆమె చేసే పనిలో తప్పు లేదు. నా బోర్డు మీద అంత నమ్మకం ఉంది కాబట్టే నా నోటిమాట నమ్మడం లేదు.

“వాళ్ళు మార్చలేదు” అన్నాను.

ఆమె వంగే ఉంది.

“కాగితంలో మొదటి నుంచీ మంగళవారమే సెలవు. బోర్డు మీద మంగళవారమే ఉంది. పోయిన వారం నేను తుడిచేసి సోమవారం అని రాశాను. నన్నెవరూ రాయమనలేదు. వాళ్ళది తప్పు, నాది రైటు అనుకున్నాను. శుక్రవారం నిన్ను లోపలికి పంపితే సారు అమ్మించేసేవాడు. నేనే పంపలేదు. మంగళవారానికి దోషం లేదన్న మాట కూడా నేను కల్పించిందే.”

ఆమె లేచి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“ఈ మాట రాగానే చెప్పకపోయావా?” అంది.

కాలవలో చేతులు కడుక్కుంది, కాళ్ళు కడుక్కుంది. ఎత్తికట్టిన చీర దించుకుని నాకంటే ముందు నడిచింది. ఇంటి దగ్గర ఆటో ఆపించి ఫోను, ఆధార్ కార్డు తెచ్చుకుంది. దేవుడి పీట ముందు ఒక నిమిషం నిలబడింది. ఏం మొక్కుకుందో నాకు తెలియదు.

పేట పొలిమేరలో హైవే ఎక్కబోతుంటే ట్రాక్టర్లు అడ్డం. పందిళ్ళకు తీసుకెళ్ళే బొమ్మలు. డప్పులు, రంగులు, రోడ్డంతా జనం. ఆటో ఆగిపోయింది. మూడూ అయిదు. మూడూ పది. ఆటోవాడు దిగి వెళ్ళి ట్రాక్టరువాడితో, “ఒరేయ్, నీ బొమ్మకి తొందరేందిరా, తొమ్మిది రోజులుంటదిగా. ఇక్కడ పెద్దామెకి బాగాలేదు, పక్కకి తియ్‌రా” అన్నాడు. నేను కళ్ళు మూసుకుని వెనక్కి వాలాను. ఆ రోజు నా వల్ల జరిగిన అబద్ధాలలో అదొకటి అదనం. ట్రాక్టరు పక్కకు జరిగింది.

ఎరువుల కొట్టు ముందు దిగేసరికి మూడూ ఇరవై రెండు. ఇన్‌ఛార్జి గారు చీటీ, పెన్ను పట్టుకుని మెట్ల మధ్యలో నిలబడి ఉన్నారు. మార్కెట్ నడుస్తుండగా ఆయన కుర్చీ వదిలి లేవడం నేను అదే చూడడం. ఆమె మెట్ల మీదే గోడకు ఆనించి సంతకం పెట్టబోయింది.

“లోపలికి రండమ్మా, రేటు చూసి పెట్టండి” అన్నారాయన.

ఆమె లోపలికి వచ్చి, తెర మీద అంకె చూసి, “శుక్రవారం ఎంతుంది?” అని అడిగింది. ఆయన చెప్పారు. ఆ రోజు రేటు కాస్త తక్కువ. ఆమె తల ఊపి సంతకం పెట్టింది. ఆయన సంతకం సరిచూసుకుని నొక్కారు. రెండు విడతలుగా అమ్ముడుపోయాయి. రెండోది పోయేసరికి మూడూ ఇరవై ఎనిమిది. మూడున్నరకు తెర మీద అంకెలు కదలడం ఆగిపోయింది.

నేను వెళ్ళి తడిగుడ్డ తెచ్చి బోర్డు మీద సోమవారం తుడిచాను. ఇన్‌ఛార్జి గారు నా వైపు తిరిగి చూశారు. అప్పుడు అర్థమైంది ఆయనకు. ఆమె ముందే మొత్తం చెప్పాను. రెండోసారి చెప్పడం కొంచెం తేలికగానే ఉంది.

“ఉద్యోగం తీసేస్తారా?” అని అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “బోర్డు నేనూ చూడాల్సింది అమ్మా. మీరే రాయండి. పక్కన హెడ్డాఫీసు కాగితం కూడా అంటిస్తాను” అన్నారు. ఆ మర్నాడు సెలవు కదా, బుధవారం వచ్చి అంటించారు. అలాగే ఆ వారం బోర్డు చూసి వెళ్ళినవాళ్ళందరికీ నన్ను ఫోను చేయమన్నారు. చేశాను. పదకొండు మంది. ఒక రిటైర్డు పంతులు గారు మాత్రం ఫోనులోనే నాకు అరగంట క్లాసు పీకారు. విన్నాను.

బుధవారం సాయంత్రం ఆమె ఖాతాలో డబ్బు పడింది. గురువారం పొద్దున బ్యాంకుకు వెళ్ళి, మధ్యాహ్నానికి రిజిస్ట్రేషను చేయించుకుంది. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య రేటు తగ్గిన మేరకు తన చెవి కమ్మలు తాకట్టు పెట్టి సర్దిందని తర్వాత తెలిసింది. ఆ కమ్మల సంగతి ఆమె నాతో అనలేదు. పక్కింటామె అంది. ఆటో డబ్బులు నేనే పెట్టుకున్నాను. కమ్మలకు నేను చేయగలిగింది లేదు. ఆ పంట అమ్మాక ఆమే విడిపించుకుంది.

పిల్లలూ, మీకు బోర్డు అక్కర్లేదు, మెట్లు ఎక్కక్కర్లేదు. సెలవుల కాగితం మీ ఫోనులోనే ఉంటుంది. అది ఏడాది మొదట్లో ఒకసారి చూస్తే సరిపోదు, అమ్మే ముందు మళ్ళీ చూడండి. డబ్బు కావలసిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. గడువు నెత్తి మీద ఉంటే ఒక రోజు ముందే అమ్మండి, రేటు కోసం చూడకండి, వారం కోసం చూడకండి. శుక్రవారం పట్టింపు ఉంటే గురువారమే అమ్ముకోండి, నేను కాదనను. మా ఇంట్లో ఇప్పటికీ శుక్రవారం పాలవాడికి డబ్బులివ్వం.

ఆమె తర్వాత కూడా ఆఫీసుకు వచ్చేది. చేను తనదయ్యాక మిరపకు మంచి ధర దొరికిన ఏడాది ఇంకొన్ని షేర్లు కొనుక్కుంది కూడా. వచ్చినప్పుడల్లా నాకు నమస్కారం పెట్టేది, అక్కా అనే పిలిచేది, నేనిచ్చిన టీ తాగేది. పండుమిరపకాయ పచ్చడి పెట్టినప్పుడు ఒక చిన్న సీసా నాకూ తెచ్చేది. టీ తాగి గ్లాసు నా చేతికిచ్చి లోపలికి వెళ్ళేది. ఇన్‌ఛార్జి గారు ఫోన్లు దించేదాకా బల్ల ముందు నిలబడి, “సారూ, ఈ నెల సెలవులు ఏనాడేనాడండీ?” అని అడిగేది. ఆయన చెప్పింది తన చిన్న నోటుబుక్కులో రాసుకునేది. బోర్డు ఆమెకు నాలుగడుగుల దూరంలో ఉండేది. నేను ఉద్యోగం మానేసేదాకా ఒక్కసారి కూడా దాని వైపు తిరిగి చూడలేదు. నేను గ్లాసు కడుక్కుంటూ, ఆయన చెప్పే తేదీలు వింటూ, అవి సరిగ్గా ఉన్నాయో లేదో లోలోపల సరిచూసుకునేదాన్ని. ఎప్పుడూ సరిగ్గానే ఉండేవి.